నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేసే ముందు: తప్పు ఎవరి వైపు ఉందో తేల్చుకోవడం ఎలా

కుళాయి సన్నగా వస్తోందనో, బిల్లు రెట్టింపైందనో, బాత్‌రూములో మురుగు పైకి తన్నుతోందనో నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతలి మనిషి ముందుగా అడిగేది ఒకటే: సమస్య మీ ఇంట్లోనా, మా లైన్లోనా? దీనికి మన దగ్గర జవాబు లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. వాళ్లు ప్లంబరుకు చూపించుకోమంటారు. ప్లంబరు వచ్చి, ఇది ఆఫీసు వాళ్ల పని అని చేతులు దులుపుకుంటాడు. ఈలోగా వారం గడుస్తుంది, నీళ్లు పోతూనే ఉంటాయి.

ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు మనమే కనిపెట్టొచ్చు. అందుకు కావలసినవి ఓ టార్చిలైటు, గాజు గ్లాసు, కొలత తెలిసిన బకెట్టు, మార్కర్ పెన్ను, కాస్త ఫుడ్ కలరు, ఫోన్లో కెమెరా.

ముందు హద్దు తెలుసుకోండి

నీటి లైనుకు హద్దు సాధారణంగా మీటరు. వీధి పైపు నుంచి మీటరు దాకా సంస్థది, మీటరు దాటాక ఇంటి యజమానిది. కొన్ని ఊళ్లలో హద్దు ప్రహరీ గోడ దగ్గరే అయిపోతుంది, మీటరు లోపలున్నా సరే. మురుగు లైను సంగతి ఇంకా చిక్కు. కొన్ని చోట్ల ఇంటి ఆఖరి ఛాంబరు (మురుగు పైపును తెరిచి చూడటానికి నేలలో మూతతో కట్టిన గుంత) దాకానే మీ బాధ్యత. మరికొన్ని చోట్ల రోడ్డు కింద పెద్ద లైనులో కలిసే దాకా మీదే, అంటే రోడ్డు తవ్వినా ఖర్చు మీ నెత్తినే. కనెక్షన్ కాగితాల్లో ఇది రాసి ఉంటుంది. లేకపోతే ఇబ్బందేమీ లేని రోజునే ఆఫీసులో అడిగి రాసిపెట్టుకోండి. మురుగు ఇంట్లోకి వస్తున్నప్పుడు అడిగితే ప్రశాంతమైన జవాబు రాదు. అపార్టుమెంటులో ఉంటే ఇంకో హద్దు కూడా ఉంటుంది: మొత్తం భవనానికి ఒకటే మీటరైతే దాని లోపలిదంతా సంఘం చూసుకోవాలి, మీ ఫ్లాటు వాల్వు దాటింది మీరు చూసుకోవాలి.

హద్దు తెలిశాక వాల్వు వెతకండి. మీటరుకు రెండు పక్కలా వాల్వులు ఉండటం మామూలే. వీధి వైపుది సంస్థది, దాన్ని ముట్టుకోకండి. ఇంటి వైపుది మీది. గుండ్రటి చక్రం ఉంటే కుడివైపుకు తిప్పుతూ పోతే మూసుకుంటుంది. పొడుగు పిడి ఉంటే పావు చుట్టు చాలు: పిడి పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంబడే ఉంటే తెరిచినట్టు. ఏళ్ల తరబడి కదలని వాల్వు బిగుసుకుపోతుంది. పైపు రెంచీ పెట్టి బలవంతంగా తిప్పితే లోపలి కాడ విరిగి, ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది. ఏడాదికి రెండుసార్లు మూసి తెరుస్తూ ఉంటే ఆ గొడవే ఉండదు. ఇంట్లో అందరికీ, పిల్లలతో సహా, ఆ వాల్వు ఎక్కడుందో చూపించండి. పైపు పగిలేది మీరు ఇంట్లో ఉన్నప్పుడే అని రాసిపెట్టి లేదు కదా.

మీటరు, బిల్లు

మీటరు మీద నల్ల అంకెలు, వాటి పక్కన ఎర్ర అంకెలు ఉంటాయి. నల్లవి ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరంటే 1000 లీటర్లు, దాన్నే కిలోలీటరు అంటారు, బిల్లులో చాలాచోట్ల యూనిట్ అంటే ఇదే. ఎర్రవి అందులో భాగాలు: మొదటి ఎర్ర అంకె ఒకటి కదిలితే 100 లీటర్లు పోయినట్టు. బిల్లుకు లెక్కకొచ్చేది నల్ల అంకెలే, లీకు పట్టడానికి పనికొచ్చేది ఎర్రవి. గ్యాలన్లలో, ఘనపు అడుగుల్లో చూపే మీటర్లూ ఉన్నాయి. ఘనపు అడుగుకు 28.3 లీటర్లు వేసుకోండి.

పోయిన బిల్లులో 1389, ఈసారి 1412 ఉంటే వాడకం 23 యూనిట్లు, అంటే 23 వేల లీటర్లు. ముప్ఫై రోజులకు పంచి, ఇంట్లో నలుగురికి పంచితే తలకు రోజుకు 190 లీటర్ల పైమాటే. మనిషి కనీస అవసరాలకు రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మొక్కలు, వాషింగ్ మెషీను, షవరు ఉన్న ఇంట్లో అంతకంటే ఎక్కువే అవుతుంది. 190 అన్నది వినగానే గాబరా పడాల్సినదేమీ కాదు. పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత వాడారో, దాంతో పోల్చండి. పక్కింటి బిల్లుతో పోల్చుకుని కొట్లాటకు వెళ్లేవాళ్లు ఎక్కువ, కానీ ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఏం వాడుతున్నారో మనకు తెలియదు.

బిల్లు మీద ఇంకోటి చూడాలి: ఆ రీడింగు నిజంగా తీసిందా, అంచనా వేసిందా. మీటరు గదికి తాళం ఉన్నా, మీటరు అద్దం మసకబారినా అంచనా వేసి పంపుతారు, బిల్లులో ఎక్కడో మూలన ఒక గుర్తు ఉంటుంది. ఆరు నెలలు తక్కువ అంచనాలు వేసి ఏడో నెల అసలు రీడింగు తీస్తే, ఆ తేడా అంతా ఒక్క బిల్లులో పడుతుంది. వాడకం పెరిగే కొద్దీ రేటు పెరిగే స్లాబు పద్ధతి ఉన్నచోట దెబ్బ మరీ పెద్దది, ఎందుకంటే ఆరు నెలల నీళ్లు ఒకే నెలలో వాడినట్టు పై స్లాబులోకి వెళ్లిపోతాయి. అప్పుడు ఆ వాడకాన్ని నెలలవారీగా పంచి మళ్లీ లెక్కకట్టమని రాతపూర్వకంగా అడగండి. అన్ని చోట్లా ఒప్పుకుంటారని కాదు, అడగకపోతే మాత్రం ఎక్కడా ఇవ్వరు. నెలకోసారి మీటరు ఫోటో తీసుకునే అలవాటుంటే ఈ వాదనకు బలం వస్తుంది.

మురుగుకు విడిగా మీటరుండదు. లోపలికి వచ్చిన నీళ్లను బట్టే బయటికి పోయిన మురుగును లెక్కకడతారు, అందుకే లీకైతే జేబుకు రెండు చిల్లులు: నీటి చార్జీ ఒకటి, మురుగు చార్జీ ఇంకొకటి. కానీ భూమిలోకి ఇంకిపోయిన నీళ్లు డ్రైనేజీలోకి పోలేదు. మట్టిలోని పైపు పగిలి బిల్లు పెరిగితే, రిపేరు రసీదు, ఫోటోలు జతచేసి కనీసం మురుగు భాగమైనా తగ్గించమని అడగడం న్యాయమైన కోరికే. చాలా సంస్థలకు దీనికి నిబంధనే ఉంటుంది, కౌంటరు దగ్గర ఎవరూ తమంతట తాము చెప్పరు.

లీకు పట్టడం

ఓపికగా చేస్తే బాగా ఫలితమిచ్చే పని ఇదే.

ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయండి. వాషింగ్ మెషీను, వాటర్ ఫిల్టరు ఆపండి. ట్యాంకు నిండేదాకా ఆగండి, ఎందుకంటే ట్యాంకు నిండుతున్నంత సేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది, దాన్నే లీకనుకుంటారు. ఇప్పుడు మీటరు దగ్గరికెళ్లి టార్చి వేసి చూడండి. అంకెల మధ్యలో చిన్న నక్షత్రం లాంటి చక్రమో, ముక్కోణపు గుర్తో ఉంటుంది. సన్నటి ధార పోతున్నా అది కదులుతుంది. కదలకపోతే మీటరు నుంచి ట్యాంకు దాకా అంతా బాగున్నట్టే.

కదులుతుంటే మీ వైపు వాల్వు మూయండి. చక్రం ఆగిందా? లీకు వాల్వు దాటాక, ఇంటి వైపు ఉంది. ఆగలేదా? మీటరుకూ వాల్వుకూ మధ్య జాయింటు కారుతోంది, లేదా వాల్వే సరిగా మూసుకోవడం లేదు. వాల్వు మూశాక, ట్యాంకుకు కాకుండా నేరుగా లైనుకు ఉన్న ఒక కుళాయి తిప్పి చూస్తే ఈ రెండింట్లో ఏదో తెలుస్తుంది, కాసేపటికి ధార ఆగిపోకుండా వస్తూనే ఉంటే తప్పు వాల్వుది. చక్రం కదలికను అక్కడికక్కడ నమ్మలేకపోతే రాత్రి పడుకునే ముందు ఎర్ర అంకెలతో సహా ఫోటో తీసి, పొద్దున ఎవరూ కుళాయి తిప్పక ముందే మళ్లీ తీయండి.

మీటరు చెప్పలేని లీకులు రెండున్నాయి. ఒకటి, మీటరుకు ముందే వీధి వైపున ఉన్నది. దానికి మీటరు కదలదు, మీ బిల్లూ పెరగదు. గేటు దగ్గర ఎండలోనూ మట్టి తడిగా ఉండటం, ఒకచోట మాత్రమే గడ్డి ఏపుగా పెరగడం, రాత్రి సద్దుమణిగాక పైపు దగ్గర సన్నగా బుస్సుమన్న చప్పుడు దాని గుర్తులు. ఇది నూటికి నూరు పాళ్లూ ఆఫీసు వాళ్ల పని, ఫోన్ చేయండి.

రెండోది ట్యాంకు తర్వాతది. నీళ్లు ముందు ట్యాంకులోకి, అక్కణ్ణుంచి కుళాయిలకు వెళ్లే ఇంట్లో, మీటరు పరీక్ష ట్యాంకు దాకానే చెబుతుంది. అందుకని రాత్రి ట్యాంకులోకి వచ్చే నీళ్లు ఆపి, లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టండి. పొద్దున గీత కింద ఎంత తగ్గిందో కొలవండి. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు తగ్గితే 30 లీటర్లు పోయినట్టు. మరుసటి రాత్రి ట్యాంకు నుంచి బయటికెళ్లే వాల్వు కూడా మూసి ఇదే చేయండి. ఇప్పటికీ తగ్గుతుంటే ట్యాంకే కారుతోంది. తగ్గకపోతే పైపుల్లోనో, కుళాయిల్లోనో ఉంది.

ఇంట్లో ఉందని తేలితే మొదటి అనుమానం టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు మీదే పెట్టుకోండి. కుళాయి కారితే చుక్కలు కనబడతాయి, చప్పుడైనా వినబడుతుంది. ఫ్లష్ ట్యాంకు చడీచప్పుడూ లేకుండా బేసిన్ గోడ వెంట జారుస్తూ ఉంటుంది. మూత తీసి నీళ్లలో కాస్త ఫుడ్ కలరు వేసి, ఇరవై నిమిషాలు ఎవర్నీ ఫ్లష్ చేయనివ్వకండి. బేసిన్‌లోకి రంగు దిగితే అడుగున ఉన్న రబ్బరు మూత అరిగినట్టు. నీటిమట్టం లోపల నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం అంచును తాకుతుంటే రబ్బరు కాదు తప్పు, ఫ్లోటు సరిచేయాలి, మట్టం ఆ అంచుకు రెండు మూడు సెంటీమీటర్లు కిందే ఆగాలి. నిమిషానికి అర లీటరు చొప్పున కారినా రోజుకు 720 లీటర్లు, నెలకు 21 యూనిట్లు దాటుతుంది. బిల్లు రెట్టింపైందని మీటరును తిట్టే ముందు చూడాల్సింది ఇక్కడ.

కారే కుళాయి లెక్క తేల్చాలంటే కింద గ్లాసు పెట్టి పది నిమిషాలు పట్టండి, వచ్చిందాన్ని 144తో గుణించండి. 60 మిల్లీలీటర్లు వస్తే రోజుకు ఎనిమిదిన్నర లీటర్లు, ఏడాదికి మూడు యూనిట్లు. బిల్లు మోత దీనివల్ల కాదని తెలుస్తుంది. వాషరు మార్చాల్సిందే అనుకోండి.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం మీటరు మీదే ఉంటే దాన్నీ పరీక్షించొచ్చు. ట్యాంకుకు కాకుండా నేరుగా లైనుకు ఉన్న కుళాయి దగ్గర 20 లీటర్ల గీత ఉన్న బకెట్టు ఐదుసార్లు పట్టండి. మొదటి ఎర్ర అంకె సరిగ్గా ఒకటి ముందుకు కదలాలి. మీ బకెట్టు గీతలు కచ్చితమైనవని హామీ ఏమీ లేదు కాబట్టి రెండు మూడు లీటర్ల తేడా వదిలేయండి. పది పదిహేను లీటర్లు తేడా వస్తే మీటరు పరీక్షకు దరఖాస్తు పెట్టండి. నీళ్లు గంటల చొప్పున వదిలే చోట ఇంకో విషయం: ఖాళీ పైపులోంచి నీళ్లకు ముందు గాలి తోసుకొస్తుంది, ఆ గాలికీ మీటరు తిరుగుతుంది. నీళ్లు వదిలే సమయానికి మీటరు దగ్గర నిలబడి వీడియో తీస్తే కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

ధార సన్నగా వస్తుంటే

పక్కింట్లో అడగండి. వాళ్లకీ అంతేనా, ఆఫీసు పని. మీ ఒక్కరికేనా, మీటరుకు దగ్గరగా ఉన్న కుళాయి తిప్పండి. అక్కడ జోరుగా వస్తూ మేడ మీద రాకపోతే తప్పు లోపల ఉంది, లేదా ఎత్తుకు చాలినంత ఒత్తిడి లేదు: పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి ఖర్చవుతుంది. ఒకే కుళాయిలో తగ్గితే దాని మూతికున్న జల్లెడ విప్పి కడగండి, ఇసుకరేణువులు రాలతాయి. ఈమధ్య ఏదైనా రిపేరు జరిగితే సగం మూసి వదిలేసిన వాల్వు ఉందేమో చూడండి.

ఒత్తిడి తక్కువని వీధి లైనుకు నేరుగా మోటారు బిగించకండి. మోటారు పీల్చినప్పుడు పైపులో ఒత్తిడి బయటి కంటే తగ్గుతుంది. అప్పటిదాకా నీళ్లు బయటికి కారుతున్న పగుళ్లలోంచే చుట్టూ ఉన్న మట్టినీళ్లు, పక్కనే మురుగు లైనుంటే ఆ మురుగు, లోపలికి వస్తాయి. అవి మీ ఒక్క ఇంటికే కాదు, వీధి మొత్తానికి పోతాయి. నీళ్లు తమంతట తాముగా కింది ట్యాంకులో పడాలి, మోటారు అక్కణ్ణుంచి తోడుకోవాలి.

రంగు, వాసన మారితే

గాజు గ్లాసులో పట్టి కదపకుండా పెట్టండి. పాలలా తెల్లగా ఉండి అడుగు నుంచి పైకి తేటపడుతుంటే అది గాలి బుడగలు, తాగొచ్చు. ఎర్రగా, మట్టిరంగులో ఉంటే తుప్పో, పైపు అడుగున పేరుకున్న మడ్డో, రోడ్డు మీద పైపు పని జరిగాక ఇలా రావడం మామూలే. మీటరుకు దగ్గర కుళాయిలోంచి తేటపడేదాకా వదలండి, ఆ పూట తెల్లబట్టలు ఉతక్కండి. వేడినీళ్లలో మాత్రమే రంగుంటే గీజరులో ఉంది తప్పు. పొద్దున మొదటి నిమిషం మాత్రమే ఉంటే మీ ఇంటి పైపుల్లో ఉంది. రోజంతా, వీధంతా ఉంటే ఆఫీసుకు ఫోన్ చేయాలి.

కుళ్లిన గుడ్ల కంపు వస్తే గ్లాసు తీసుకుని వేరే గదిలోకి వెళ్లి వాసన చూడండి. అక్కడ కంపు లేకపోతే అది నీళ్లది కాదు, సింకు రంధ్రంలోంచి వచ్చింది. గ్లాసులో నీళ్లే మురుగు కంపు కొడుతూ, మసగ్గా ఉంటే మాత్రం వెంటనే తాగడం, వంటకు వాడటం ఆపేయండి. ఇది అత్యవసర ఫిర్యాదు. చుట్టుపక్కల ఇళ్లలో ఎవరికి ఇలా వస్తోందో, ఎక్కడిదాకా రావడం లేదో అడిగి రాసుకోండి, పగిలిన చోటు వెతకడానికి లైన్‌మన్‌కు అంతకు మించిన సాయం లేదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చేసింది ఇలాంటి పనే: చనిపోయినవాళ్ల ఇళ్లను పటం మీద గుర్తుపెట్టి, ఎవరు ఎక్కడి నీళ్లు తాగారో అడిగి, బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గరికి చేరాడు.

సరఫరా సంస్థ కాచి తాగమని ప్రకటిస్తే నీళ్లు తెర్లే స్థాయికి వచ్చాక ఒక నిమిషం ఉంచి, మూతపెట్టి చల్లార్చండి. సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన ఉన్న ఊళ్లలో మూడు నిమిషాలు. కాచితే క్రిములు చస్తాయి కానీ సీసం, నైట్రేటు లాంటివి పోవు, నీళ్లు ఆవిరై అవి ఇంకాస్త చిక్కబడతాయి కూడా. పాత ఇంట్లో సీసం పైపులున్నాయని అనుమానముంటే వేడి కుళాయి నీళ్లు తాగడానికి, వంటకు వాడకండి. రాత్రంతా నిలిచిన నీళ్లను కొంతసేపు వదిలాకే పట్టుకోండి.

క్లోరిన్ వాసన చాలామందికి నచ్చదు, నిజానికి అది కాస్త ఉండాల్సిందే. కుళాయి దగ్గరికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. చుక్కల మందు వేసి రంగు చూసే చిన్న కిట్లు దొరుకుతాయి. నేరుగా లైను కుళాయి దగ్గర ఒకసారి, ట్యాంకు కుళాయి దగ్గర ఒకసారి చూడండి. లైను దగ్గరే లేకపోతే ఆఫీసుకు చెప్పాలి. లైను దగ్గర ఉండి ట్యాంకు దగ్గర లేకపోతే మీ ట్యాంకు కడిగించే వేళయిందన్నమాట.

మురుగు ఎదురు తన్నితే

ముందు ఇంట్లో నీళ్ల వాడకం ఆపండి. పైన వదిలే ప్రతి బకెట్టూ కింద పైకి తేలుతుంది.

తర్వాత, ఒక్క సింకేనా, అన్నీనా చూడండి. ఒక్కటే అయితే దాని కింది వంపులో జుట్టో జిడ్డో పట్టేసింది, రబ్బరు పంపుతో నాలుగుసార్లు గట్టిగా తోస్తే చాలావరకు పోతుంది. అన్నింట్లోనూ నీళ్లు వెళ్లక, ఇంట్లో అన్నిటికంటే కిందున్న రంధ్రంలోంచి పైకి వస్తుంటే అడ్డు పెద్ద పైపులో ఉంది. అది మీదో, వీధిదో ఛాంబర్లు చెబుతాయి.

ఛాంబరు మూతను గడ్డపారతో ఒక పక్క ఎత్తి, ముఖం పక్కకు తిప్పుకుని, కాసేపు గాలి ఆడనివ్వండి. దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్టు వద్దు. తల లోపలికి పెట్టకండి. ఇంటికి దగ్గరున్న ఛాంబరు ఖాళీగా ఉండి ఇంట్లో నీళ్లు నిలిచి ఉంటే, అడ్డు ఇంటికీ ఆ ఛాంబరుకూ మధ్యనే. మొదటిది నిండి, గేటు దగ్గరి ఆఖరిది ఖాళీగా ఉంటే ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. ఈ రెండూ మీ ప్లంబరు పనులే. ఆఖరి ఛాంబరూ నిండి ఉంటే, మీ ఇంట్లో చుక్క వదలకపోయినా దాని మట్టం పెరుగుతుంటే, అది వీధి లైను. పెరిగే మట్టాన్ని వీడియో తీసి ఆఫీసుకు పంపండి. మట్టం పెరగక నిలకడగా ఉంటే అడ్డు ఆఖరి ఛాంబరుకూ పెద్ద లైనుకూ మధ్య కనెక్షన్ పైపులో ఉండే అవకాశం ఎక్కువ, అది ఎవరి వంతో మొదట చెప్పిన హద్దును బట్టి.

ఛాంబర్లోకి, మ్యాన్‌హోల్లోకి మీరు దిగకూడదు, డబ్బులిచ్చి ఎవర్నీ దింపకూడదు. అక్కడ చేరే హైడ్రోజన్ సల్ఫైడు మోతాదు తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, పెరిగినప్పుడు ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు, వాణ్ని లాగుదామని దిగిన రెండోవాడు, ఇద్దరూ పోయిన వార్తలు ఎన్నో చూశాం. లోతైన మ్యాన్‌హోలు పని యంత్రాలది, దాన్ని పంపాల్సింది సంస్థ.

అడ్డు లేకుండానే కంపు వస్తుందంటే వాడకుండా వదిలేసిన బాత్‌రూము వైపు చూడండి. ప్రతి రంధ్రం కిందా వంపులో కొన్ని అంగుళాల నీళ్లు నిలిచి, మురుగు గాలిని అడ్డుకుంటాయి. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంటు తీసుకున్న ఏర్పాటిది, ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు. వారాల తరబడి వాడకపోతే ఆ నీళ్లు ఆరిపోతాయి. ఒక మగ్గు నీళ్లు పోస్తే కంపు పోతుంది, ఊరెళ్లేటప్పుడు పైన చెంచాడు నూనె కూడా వేస్తే త్వరగా ఆరదు. నీళ్లు పోతున్నప్పుడు గుడగుడమంటే గాలి గొట్టం మూసుకుపోయిందేమో మేడ మీద చూడండి.

చెంచాడు నూనె అన్నాను కదా అని మూకుడు నూనె సింకులో వంపకండి. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా జారిపోతుంది, పైపులో చల్లారి గోడకు అంటుకుంటుంది, దాని మీదికి టాయిలెట్లో వేసిన తడి వైప్సు, ప్యాడ్లు వచ్చి చిక్కుకుంటాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద ఇలా గడ్డకట్టిన ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు తూగింది. ఫ్లష్ చేయొచ్చని పాకెట్టు మీద రాసి ఉన్న వైప్సుని కూడా చెత్తబుట్టలోనే వేయండి, చాలా రకాలు పైపులో కరగవు.

అడ్డు తీయడానికి యాసిడ్ పోసే ముందు అదే చోట బ్లీచింగు పోశారా అని ఇంట్లో అడగండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్‌రూములో ప్రాణం మీదికొస్తుంది. యాసిడ్ పోశాక ప్లంబరును పిలిస్తే ఆ సంగతి అతను చెయ్యి పెట్టకముందే చెప్పండి.

వాన పడ్డప్పుడు మాత్రమే ఎదురు తన్నుతుంటే వీధి లైను నిండిపోతోందని అర్థం. మేడ మీది వాననీళ్లను డ్రైనేజీ ఛాంబర్లోకి వదిలే ఇళ్లు దీనికి ఒక కారణం. మీ ఇంటి గొట్టం ఎక్కడ దిగుతోందో కూడా ఓసారి చూడండి. రోడ్డు కంటే పల్లంలో ఉన్న ఇంటికి ఆఖరి ఛాంబరు దగ్గర నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను బయటికే పోనిచ్చి, వెనక్కి రానివ్వనిది) పెట్టించుకోవడం మేలు. అది మూసుకుని ఉన్నంతసేపూ మీ నీళ్లూ బయటికి పోవని గుర్తుంచుకుని, జోరువానలో స్నానాలు, బట్టలు వాయిదా వేయండి.

ఫిర్యాదు ఎలా చెప్పాలి

"నీళ్లు సరిగా రావట్లేదండీ" అంటే వాళ్లు రాసుకునేదేమీ ఉండదు. ఇలా చెప్పి చూడండి: "కనెక్షన్ నంబరు ఇదీ. మొన్న సాయంత్రం నుంచి మురుగు ఎదురొస్తోంది. ఇంట్లో వాడకం ఆపేశాం, అయినా గేటు దగ్గరి ఆఖరి ఛాంబరులో మట్టం పెరుగుతోంది. ఎడం పక్క రెండిళ్లకూ ఇదే ఇబ్బంది. వీడియో ఉంది." ఈ మాటలతో ఆ 'మీదా, మాదా' ప్రశ్న అడిగే అవసరమే ఉండదు. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి. ఇరుగుపొరుగును కూడా ఎవరి నంబరుతో వాళ్లనే ఫిర్యాదు చేయమనండి, ఒకే వీధి నుంచి నాలుగు ఫిర్యాదులుంటే వీధి లైను సమస్యని ఆఫీసులో ఎవరూ కాదనలేరు. చెప్పిన గడువు దాటితే పాత నంబరు ప్రస్తావిస్తూ పై అధికారికి రాయండి, కొత్త ఫిర్యాదు పెడితే గడువు మళ్లీ మొదటినుంచి లెక్కేస్తారు.

మురుగు కలిసిన నీళ్లు, పగిలిన పెద్ద పైపు, ఇంట్లోకి మురుగు, మూత లేని మ్యాన్‌హోలు, ఈ నాలుగూ రేపటికి వాయిదా వేసేవి కావు. మూత లేని చోట కొమ్మో డ్రమ్మో దూరం నుంచి కనబడేట్టు పెట్టి, అప్పుడు ఫోన్ చేయండి.

బిల్లు మీద పేచీ ఉంటే మొత్తం కట్టడం మానేయకండి. మీ సగటు బిల్లు ఎంతో అంత కట్టి, మిగతాది వివాదంలో ఉందని లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అలా తీసుకుంటారో లేదో మీ సంస్థ నిబంధనల్లో ముందే కనుక్కోండి.

ఇల్లు మారుతుంటే

ఇల్లు కొనేటప్పుడు నీటి బకాయి కాగితం అడగడం చాలామంది మరచిపోతారు. బకాయి మనిషితో పాటు పోకుండా కనెక్షన్‌తో ఉండిపోయే చోట్ల అది కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే బకాయి లేదన్న పత్రం తీసుకుని, తర్వాత కనెక్షన్ పేరు మార్పించుకోండి. అద్దెకు దిగుతుంటే తాళాలు చేతికొచ్చిన రోజే మీటరు ఫోటో తీసి యజమానికి పంపండి, ఖాళీ చేసే రోజూ అంతే. ఇల్లు కొన్నాళ్లు ఖాళీగా ఉండబోతే మీ వైపు వాల్వు మూసి, చక్రం ఆగిందో లేదో చూసి, ఆ రీడింగుతో సహా సున్నా వాడకమని ఆఫీసుకు రాయండి. లేకపోతే తాళం వేసిన ఇంటికి అంచనా బిల్లులు వస్తూనే ఉంటాయి.